పంపు విప్పే ముందు గేజి పెట్టండి: లారీ ఇంజెక్షన్ పంపుకు అందే డీజిల్ ప్రెషర్‌ను కొలిచి సరిచేసే పద్ధతి

లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లారీ లాగడం మానేసిందంటే డ్రైవరు నోటి నుంచి మొదట వచ్చే మాట "పంపు పోయింది" అనే. ఆ మాట నమ్మి యజమాని పంపును విప్పించి పంపు రూముకు, అంటే పంపులు బాగుచేసే వర్క్‌షాపుకు పంపుతాడు, లోపలి ముఖ్య భాగాలైన ఎలిమెంట్లు మార్పించి, కాలిబ్రేషన్ చేయించి, తిరిగి బిగింపిస్తాడు. అయినా అదే ఎత్తు మీద, అదే మలుపు దగ్గర బండి మళ్లీ నీరసపడుతుంది. పంపు ఎంత బాగున్నా, దానికి డీజిల్ తగినంత ప్రెషర్‌తో, గాలి లేకుండా, ఎక్కడా తెగకుండా అందకపోతే అది చేయగలిగింది ఏమీ లేదు. ఆ ప్రెషర్ ఎంతుందో తెలుసుకోవడానికి ఒక గేజి, ఒక టీ జాయింటు, కొన్ని కొత్త రాగి వాషర్లు, గంట సేపు ఓపిక చాలు. అందుకే పానా పంపు మీద పెట్టక ముందే గేజి పెట్టాలని ఇంత పట్టుగా చెబుతున్నాను.

ఇక్కడ చెప్పే పద్ధతి ఇన్‌లైన్ పంపు ఉన్న లారీలకు, టిప్పర్లకు మాత్రమే వర్తిస్తుంది. మీ బండికి ఏ పంపు ఉందో కాగితాల్లోని సంవత్సరాన్ని బట్టి కాకుండా ఇంజను చూసి తేల్చుకోండి. ఇన్‌లైన్ పంపు అయితే ఆరు సిలిండర్ల ఇంజనుకు పంపు పైభాగాన వరుసగా ఆరు సన్నని ఉక్కు గొట్టాలు బయలుదేరి ఒక్కో నాజిల్‌కు ఒక్కొక్కటిగా వెళతాయి. దగ్గరి నాజిల్‌కు వెళ్లే గొట్టాన్ని అదనంగా వంపులు తిప్పి ఉంచడం కూడా గమనించవచ్చు, ఎందుకంటే అన్నింటి పొడవూ సమానంగా ఉండాలి. దేశమంతటా 2017 ఏప్రిల్ 1న బీఎస్ 4, 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక లారీల్లో కామన్ రైల్ పద్ధతి స్థిరపడింది. ఆ బళ్లలో నాజిళ్లకు వెళ్లే గొట్టాలన్నీ పంపు నుంచి కాకుండా పొడవాటి ఒకే ఉక్కు రైలు నుంచి బయలుదేరుతాయి. అటువంటి బండి మీద ఈ పద్ధతిని ప్రయోగించవద్దు. దాని సంగతి చివరలో చెబుతాను.

డీజిల్ నడిచే దారి

ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగేది ఇంజెక్షన్ పంపు పక్కనే బిగించి ఉండే చిన్న ఫీడ్ పంపు. ఇంజెక్షన్ పంపులోని కామ్ షాఫ్టే దాన్ని నడుపుతుంది, దాని మీదే చేత్తో కొట్టే హ్యాండ్ ప్రైమర్ ఉంటుంది. ఈ ఫీడ్ పంపు డీజిల్‌ను రెండు ఫిల్టర్ల గుండా నెట్టి ఇంజెక్షన్ పంపు లోపల ప్లంజర్ల (డీజిల్‌ను నాజిళ్లకు కొట్టే కడ్డీల) చుట్టూ ఉండే గదిలోకి, అంటే గ్యాలరీలోకి పంపుతుంది. ఇంజనుకు కావలసిన దానికంటే ఎక్కువ డీజిలే ఎప్పుడూ గ్యాలరీకి చేరుతుంది, మిగిలినది ఓవర్‌ఫ్లో వాల్వును తోసుకుని రిటర్న్ గొట్టం గుండా ట్యాంకుకు తిరిగి పోతుంది. గ్యాలరీలో ప్రెషర్‌ను నిలబెట్టేది ఈ వాల్వులోని స్ప్రింగే.

ఇందులో గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న భాగంలో లాగుడు మాత్రమే ఉంటుంది, ప్రెషర్ ఉండదు. కాబట్టి అక్కడ ఏ గొట్టం చిట్లినా, ఏ క్లిప్పు వదులైనా డీజిల్ బయటకు కారకుండా బయటి గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు దాటిన తర్వాత మాత్రం లీకు ఉంటే డీజిల్ చెమ్మ బయటకు కనిపిస్తుంది. "ఎక్కడా కారడం లేదు, కాబట్టి లైను బాగుంది" అనే మాట సగం దారికే నిజం.

ఎంత ఉండాలి

సాధారణ ఇన్‌లైన్ పంపుల గ్యాలరీలో 1 నుంచి 2.5 బార్ వరకు ప్రెషర్ ఉండేలా తయారీదారులు రూపొందిస్తారు, ఓవర్‌ఫ్లో వాల్వు సాధారణంగా 1 నుంచి 1.5 బార్ మధ్య తెరుచుకుంటుంది. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మన గేజిల మీద ఉండే కిలోల లెక్కలో (చదరపు సెంటీమీటరుకు కిలోలు) ఒక బార్ దాదాపు ఒక కిలోకు సమానం కాబట్టి మార్చుకోవడం కష్టం కాదు. పెద్ద ఇంజన్లకు వాడే పెద్ద సైజు పంపుల్లో వాల్వు ఇంతకంటే ఎక్కువ ప్రెషర్ దగ్గర తెరుచుకోవచ్చు. అందుచేత మీ ఇంజను మాన్యువల్‌లో ఇచ్చిన అంకె ఉంటే అదే ప్రమాణం, నేను చెప్పిన పరిధి దాని తర్వాతే. మన దేశంలో ఈ పంపులను దశాబ్దాల పాటు తయారు చేసిన మైకో సంస్థ పేరు 2008లో బాష్ లిమిటెడ్‌గా మారినా, షెడ్డుల్లో ఇప్పటికీ వాటిని మైకో పంపులనే అంటారు. పంపు మీది ప్లేటుపై ఉన్న నంబరు రాసుకుని వెళితే అధీకృత పంపు రూములో సరైన అంకె చెబుతారు.

ఒక పంపుకు క్షేమమైన అంకె మరో పంపుకు క్షేమం కాకపోవచ్చని చెప్పడానికి అమెరికాలోని డాడ్జ్ రామ్ డీజిల్ ట్రక్కులు మంచి ఉదాహరణ. 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనుకే 1994 నుంచి 1998 వరకు బాష్ ఇన్‌లైన్ పంపు బిగించి, ఆ తర్వాత 2002 వరకు వీపీ 44 అనే ఎలక్ట్రానిక్ రోటరీ పంపు బిగించారు. ఈ రెండో పంపుకు ఇంజను నడుస్తున్నప్పుడు కనీసం 10 పీఎస్ఐ అందాలి, దాని ఓవర్‌ఫ్లో వాల్వు సుమారు 14 పీఎస్ఐ దగ్గర తెరుచుకుంటుంది, అలా తిరిగి పోయే డీజిలే పంపును చల్లబరుస్తుంది. దానికి ముందుండి డీజిల్ అందించే ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంపు బలహీనపడి ప్రెషర్ పడిపోయినా బండి నడుస్తూనే ఉండడం వల్ల యజమానులకు సంగతి తెలిసేది కాదు, ఈలోగా ఖరీదైన ఇంజెక్షన్ పంపు లోపల అరిగిపోయేది. అందుకే ఆ ట్రక్కులు నడిపేవారు డ్యాష్‌బోర్డులో శాశ్వతంగా ఒక ఫ్యూయల్ ప్రెషర్ గేజి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. మన లారీలకూ ఆ అలవాటు వస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది.

తక్కువైతే ఏమవుతుంది, ఎక్కువైతే ఏమవుతుంది

నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరిగితే ఇంజెక్షన్ పంపు అందులో సగం, అంటే 1200 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ప్రతి ప్లంజరూ సెకనుకు 20 సార్లు డీజిల్ నింపుకుని 20 సార్లు నాజిల్‌కు కొట్టాలి. ప్లంజరు కదిలే బ్యారెల్‌లోని చిన్న రంధ్రం తెరిచి ఉండే ఆ కొద్ది క్షణంలో ప్లంజరు పైన ఉన్న గది పూర్తిగా నిండాలంటే వెనుక నుంచి తోపు కావాలి. తోపు చాలకపోతే గది సగమే నిండుతుంది, డీజిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, అవి పగిలే చోట ఉక్కు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు కొద్ది మైక్రాన్లే, వాటిని తడిపి కాపాడేది డీజిలే. డీజిల్‌కు బదులు గాలి, ఆవిరి చేరినప్పుడు ఆ తడి పోయి గీతలు పడతాయి. డ్రైవరుకు ఇదంతా లోడు మీద లాగకపోవడంగా, ఐడిలింగ్‌లో ఇంజను ఊగడంగా, పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొట్టవలసి రావడంగా కనిపిస్తుంది. కిరోసిన్ కలిసిన డీజిల్ వాడితే ఈ హాని మరింత త్వరగా జరుగుతుంది, ఎందుకంటే పలుచబడిన డీజిల్ సందుల్లోంచి ఎక్కువగా జారిపోతుంది, తక్కువగా కాపాడుతుంది.

ప్రెషర్ ఎక్కువైతే బండి బాగా లాగుతుందనుకోవడం పొరపాటు. నాజిల్‌కు ఎంత డీజిల్ పోవాలో నిర్ణయించేది ప్లంజరు, ఇంజను వేగాన్ని అదుపు చేసే గవర్నరు మాత్రమే. గ్యాలరీ నిండిన తర్వాత అదనపు ప్రెషర్ చేసే మేలు లేదు, చేసే హాని ఉంది. అరిగిన ప్లంజర్ల పక్క నుంచి, ఫీడ్ పంపు కడ్డీ పక్క నుంచి డీజిల్ కిందికి జారి కామ్ ఉన్న గదిలోకి చేరుతుంది. పంపుకు ఇంజను ఆయిలే అందే ఏర్పాటు ఉన్న బళ్లలో అది నేరుగా సంపులోకి, అంటే ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి పోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంటే, ఆయిల్ పలుచగా ఉండి డీజిల్ వాసన వస్తుంటే బండిని అక్కడే ఆపేయాలి. ఆ ఆయిల్‌తో ఇంకో ట్రిప్పు వేస్తే పోయేది క్రాంకు బేరింగులు.

గేజి బిగించడం

0 నుంచి 4 బార్ వరకు చూపే గేజి తీసుకోండి, లోపల గ్లిజరిన్ నింపినదైతే ముల్లు తక్కువగా అదురుతుంది. పది బార్ల గేజిలో ఈ చిన్న తేడాలు సరిగా కనిపించవు. డీజిల్‌కు తట్టుకునే రబ్బరు గొట్టం, పంపు ఇన్‌లెట్ బోల్టు మరకు సరిపోయే టీ జాయింటు, కొత్త రాగి వాషర్లు సిద్ధం చేసుకోండి. గొట్టానికీ గేజికీ మధ్య ఒక చిన్న నీడిల్ వాల్వు పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే ప్లంజర్లు ప్రతి కొట్టుడు చివర మిగిలిన డీజిల్‌ను గట్టిగా గ్యాలరీలోకి వదులుతాయి, ఆ దెబ్బలకు గేజి ముల్లు పిచ్చిగా కొట్టుకుంటుంది. వాల్వును దాదాపుగా మూసి, ముల్లు నిదానంగా కదిలేటంత మాత్రమే తెరిచి ఉంచాలి.

బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ట్యాంకులో కనీసం సగం డీజిల్ ఉండాలి. ఇంజను వేడెక్కిన తర్వాత ఆపి, పంపు ఇన్‌లెట్ బోల్టు చుట్టూ ఉన్న మట్టిని శుభ్రమైన డీజిల్‌తో, బ్రష్‌తో పూర్తిగా కడిగి, పీచు రాలని గుడ్డతో తుడవండి. ఈ పని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టమని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఆ చోటు రెండు ఫిల్టర్లనూ దాటిన తర్వాతది. అక్కడ లోపలికి జారిన ఇసుక రేణువును ఆపేవారు ఇక ఎవరూ లేరు. ఆ తర్వాత బోల్టు తీసి టీ జాయింటును కొత్త వాషర్లతో బిగించండి. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు, దాని పోగులు తెగి ప్లంజర్ల దాకా పోతాయి.

ఇప్పుడు లైనులోని గాలి తీయాలి. ముందుగా ఫిల్టరు తల మీది బ్లీడ్ స్క్రూను వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. నురుగు, బుడగలు పోయి స్వచ్ఛమైన డీజిల్ ధారగా వచ్చినప్పుడు ప్రైమర్ కొడుతూనే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గరా అలాగే చేసి, చివరగా ప్రైమర్ పిడిని గట్టిగా బిగించాలి. ఆ పిడి వదులుగా ఉంటే అక్కడి నుంచే గాలి పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను.

నాలుగు రీడింగులు

మొదటి రీడింగు ఐడిలింగ్‌లో తీయండి. రెండోది ఇంజనును గవర్నరు ఆపే వేగం దాకా రేస్ చేసి, పది సెకన్లు అక్కడే నిలిపి తీయాలి. మూడోది ఫిల్టర్లకు ముందు, అంటే ఫీడ్ పంపు బయటకు పంపే చోట గేజి మార్చి అదే వేగం దగ్గర తీయాలి. నాలుగోది అన్నింటిలో విలువైనది, చాలామంది వదిలేసేదీ అదే: లోడుతో, ఎత్తు మీద, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పటి రీడింగు. దీని కోసం గేజిని తిరిగి పంపు ఇన్‌లెట్ దగ్గరకే చేర్చి, పొడవైన గొట్టంతో బయటకు తెచ్చి అద్దం కడ్డీకి గట్టిగా కట్టండి. గొట్టం ఫ్యానుకు, టర్బోకు, సైలెన్సరు గొట్టానికి దూరంగా ఉండాలి. డీజిల్ ప్రెషర్ ఉన్న గొట్టాన్ని క్యాబిన్ లోపలికి ఎట్టి పరిస్థితిలోనూ తీసుకుపోవద్దు. డ్రైవరు రోడ్డు మీదే దృష్టి పెట్టాలి, గేజి చూడటానికి పక్కన మరో మనిషి ఉండాలి.

ఐడిలింగ్‌లోనూ, రేస్ మీదా, లోడు మీదా మూడు చోట్లా ప్రెషర్ మాన్యువల్ పరిధిలోనే ఉంటే డీజిల్ అందడంలో లోపం లేదు. అప్పుడు పంపు, నాజిళ్లు, ఎయిర్ ఫిల్టరు, టర్బో గురించి ఆలోచించవచ్చు. ఐడిలింగ్‌లో బాగుండి లోడు మీద మూడో వంతుకు మించి పడిపోతే దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే లెక్క. ఫిల్టర్లకు ముందు ప్రెషర్ బాగుండి, ఫిల్టర్ల తర్వాత 0.3 బార్ కంటే ఎక్కువ తగ్గితే నేను మరో ఆలోచన లేకుండా ఫిల్టర్లు మారుస్తాను. రెండు చోట్లా తక్కువగానే ఉంటే లోపం ఫీడ్ పంపులోనో, దాని వెనుకో, లేదా ఓవర్‌ఫ్లో వాల్వులోనో ఉంటుంది.

ఆ మూడింటిని విడదీయడానికి తేలికైన మార్గాలున్నాయి. ఐడిలింగ్‌లో రిటర్న్ రబ్బరు గొట్టాన్ని రెండు మూడు సెకన్లు మాత్రం నొక్కిపట్టి గేజి చూడండి. ప్రెషర్ చటుక్కున లేస్తే ఫీడ్ పంపుకు సత్తా ఉంది, వాల్వు స్ప్రింగు నీరసించింది లేదా దాని సీటులో చెత్త ఇరుక్కుంది. లేవకపోతే ఫీడ్ పంపు వైపు చూడాలి. అప్పుడు ఒక శుభ్రమైన డబ్బాలో వడకట్టిన డీజిల్ పోసి, ఇంజను కంటే ఎత్తులో పెట్టి, ట్యాంకు గొట్టానికి బదులు కొత్త గొట్టంతో దాన్ని నేరుగా ఫీడ్ పంపుకు కలపండి. ఆ డబ్బా నుంచి ప్రెషర్ సరిగా వస్తే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. అంటే ట్యాంకులోని జాలీ, ట్యాంకు మూత గాలి రంధ్రం, నీరూ మడ్డీ వేరుచేసే సెడిమెంటరు, గొట్టాలు, క్లిప్పుల్లో ఏదో ఒకటి. డబ్బాతో కూడా రాకపోతే ఫీడ్ పంపును విప్పి జాలీని, రెండు చిన్న వాల్వులను, పిస్టన్‌ను, స్ప్రింగును చూడాలి.

కొన్నేళ్ల క్రితం బేతంచెర్ల నాపరాళ్ల లోడుతో నంద్యాల నుంచి గిద్దలూరు వైపు వెళ్లే ఒక లారీ నా దగ్గరకు వచ్చింది. నల్లమల ఘాటు మొదలు కాగానే ప్రాణం పోయినట్టు అయ్యేది, దిగుడులో మళ్లీ మామూలుగా నడిచేది. అప్పటికే పంపు రెండుసార్లు పంపు రూముకు వెళ్లి వచ్చింది. గేజి పెడితే ఐడిలింగ్‌లో 1.3 బార్, రేస్ మీద 1.1, ఎత్తు మీద 0.4. వేగం పెరిగితే పెరగవలసిన ప్రెషర్ తగ్గడం చూడగానే దారిలో అడ్డుందని అర్థమైంది. ఫిల్టర్లు కొత్తవే. డబ్బా కలపగానే రేస్ మీద 1.8 చూపింది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం పైకి ఏ పగులూ లేకుండా నున్నగా ఉంది. బ్లేడుతో పొడవునా కోసి చూస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది. డీజిల్ మెల్లగా పోతున్నంతసేపు ఆ నాలుక పక్కకు ఒదిగి ఉండేది, లాగుడు పెరగగానే దారికి అడ్డం పడేది. మీటరు పొడవు గొట్టం మార్చితే బండి బాగుపడింది. పంపుకు పెట్టిన ఖర్చు గుర్తుచేసుకుని ఆ యజమాని బాధపడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి ఐదేళ్లు దాటిన రబ్బరు గొట్టాన్ని చూడటానికి ఎంత బాగున్నా మార్చేయమనే చెబుతున్నాను.

చేయకూడనివి

ప్రెషర్ తక్కువగా ఉందని ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు కింద వాషరు వేయడం, స్ప్రింగును సాగదీయడం, రిటర్న్ గొట్టంలో బోల్టు దిగ్గొట్టడం కొన్నిచోట్ల మామూలు పనులుగా చెలామణి అవుతున్నాయి. ఇవి గేజి ముల్లును పైకి లేపుతాయి కానీ గ్యాలరీలోంచి తిరిగి పోవలసిన డీజిల్‌ను ఆపేస్తాయి. ఆ తిరుగుడు వల్లే పంపు చల్లబడుతుంది, లోపల చిక్కిన కొద్దిపాటి గాలి ట్యాంకుకు వెళ్లిపోతుంది. వాల్వు పాడైతే అదే నంబరు కొత్త వాల్వు వేయండి. కొత్త సెకండరీ (రెండో) ఫిల్టరు బిగించేటప్పుడు డబ్బాలోని డీజిల్‌ను పైనుంచి పోసి నింపవద్దు, ప్రైమర్‌తోనే నింపండి. లోపలి వేన్ పంపు (రెక్కల పంపు) ప్రెషర్‌తోనే టైమింగ్, అంటే డీజిల్ కొట్టే సమయం, మార్చుకునే రోటరీ పంపులున్న చిన్న బళ్లకు బయటి నుంచి ఎలక్ట్రిక్ పంపు పెట్టి ప్రెషర్ పెంచితే టైమింగే ముందుకు జరిగిపోతుంది, కాబట్టి ఆ పని కూడా వద్దు.

ఇంజను నడుస్తుండగా నాజిల్ గొట్టాల నట్లు వదులు చేసి చూసే అలవాటును మానుకోండి. ఇన్‌లైన్ పంపు నాజిల్ కూడా 200 బార్ పైబడిన ప్రెషర్ దగ్గరే తెరుచుకుంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. కామన్ రైల్ బళ్లలో అది వెయ్యి బార్లను దాటి ఉంటుంది, ఇంజను ఆపిన తర్వాత కూడా కొంతసేపు రైల్లో ప్రెషర్ నిలిచి ఉండవచ్చు. ఆ బళ్లలో పరీక్షకు తయారీదారు చెప్పిన పరికరాలు, కంప్యూటర్ స్కానరు కావాలి, రైలు వైపు పానా పెట్టవద్దు. ఎవరికైనా డీజిల్ ధార చర్మంలోకి దిగితే గాయం సూది మొన అంతే కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయి ప్రెషర్‌తో డీజిల్ ఎక్కిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చేయి పోయే ప్రమాదం ఉంది.

పని పూర్తయ్యాక టీ జాయింటు తీసి, బోల్టును మరోసారి కొత్త రాగి వాషర్లతో బిగించి, గాలి తీసి, పది నిమిషాలు ఇంజను నడిపి, కలిపిన ప్రతి చోటా పొడి కాగితం అద్ది చెమ్మ చూడండి. నాలుగు రీడింగులనూ తేదీతో, కిలోమీటర్లతో సహా బండి పుస్తకంలో రాసిపెట్టండి. బండి బాగున్న రోజున రాసుకున్న ఆ అంకెలే, రేపు అది ఎత్తు మీద నీరసపడినప్పుడు మీరు పోల్చి చూసుకోవలసిన కొలమానం.